తాళంచెవి ఎవరి చేతికి?



గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం మస్జిదు నుండి వెళ్ళిపోతున్న వేళ ఒక సోదరుడు మమ్మల్ని ఆపారు. ఆయన సింగరేణి కార్మికుడు. గేటు బయట కొత్త మోటారు సైకిలు నిలిపి ఉంది. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. "మౌలానా! మావాడు పదో తరగతి పాసయ్యాడు. పాసైతే కొనిస్తానని మాటిచ్చాను, కొనిచ్చాను. బరకతు కోసం దుఆ చేయండి" అన్నారు. పక్కనే ఆ పిల్లవాడు తాళంచెవిని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. "వయసెంత నాయనా?" అని అడిగాము. పదహారు నడుస్తోందన్నాడు.

ఆ పిల్లవాడి కళ్ళలోని మెరుపు మాకు కొత్త కాదు. మేము కూడా ఆ ప్రేమతోనే పెరిగినవారము.

మా చిన్నతనంలో జైపూర్‌లో అద్దె సైకిలు దొరికితే అదే మాకు పండుగ. పావలా చేతిలో పెట్టి అరగంట తొక్కేవాళ్ళము. కాళ్ళు పెడళ్ళకు అందవు కనుక కడ్డీ సందులో నుండి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ, మోచేతులు చీరుకుపోయినా ఇంట్లో చెప్పేవాళ్ళము కాదు. అబ్బాజాన్ శ్రీరాంపూర్ వైపు బాయి పనికి వెళ్ళేవారు. బొగ్గు గనిని మా ప్రాంతంలో బాయి అనే అంటారు. రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున ఆయన వస్తుంటే సైకిలు డైనమో దీపం దూరం నుండే కనిపించేది. ఆ వెలుగు చూశాకే అమ్మీజాన్ ముసల్లా మీది నుండి లేచేవారు.

మదర్సాలో ఉద్యోగం దొరికిన కొన్నేళ్ళకు పాత బజాజ్ చేతక్ ఒకటి కొన్నాము. చలికాలం ఉదయాన దానిని ఒక పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, నాలుగైదు కిక్కులు కొడితే గానీ కదిలేది కాదు. దాని మీద గోదావరి వంతెన దాటి గోదావరిఖని వెళ్తుంటే ముఖానికి తగిలే గాలిని ఈనాటికీ మరువలేము. ఇప్పుడు మోటారు సైకిలు నడుపుతున్నాము. యాభై దాటినా ఆ ఇష్టం తగ్గలేదు.

ఈ ఇష్టాన్ని ధర్మం తప్పు పట్టలేదు. గుర్రాలను, కంచర గాడిదలను స్వారీ కోసమే కాక శోభ కోసం కూడా సృష్టించినట్లు అల్లాహ్ నహ్ల్ సూరాలో తెలియజేశాడు. దైవప్రవక్త (స) గుర్రపు పందెములు ఏర్పాటు చేయగా హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) వాటిలో పాల్గొన్నట్లు బుఖారీలో ఉంది. ఆయన (స) ప్రయాణం నుండి తిరిగి వచ్చినప్పుడు ఎదురొచ్చిన పిల్లల్లో ఒకరిని తమ ముందు, మరొకరిని వెనుక కూర్చోబెట్టుకుని మదీనాలో ప్రవేశించిన ముచ్చట ముస్లిం హదీసు గ్రంథంలో కనిపిస్తుంది. ఒంటెలనెక్కే స్త్రీలలో ఖురైషు స్త్రీలు ఉత్తములని ఆయన (స) మెచ్చుకున్నారు. స్కూటీ నేర్చుకుంటానన్న కూతురిని కసిరే తండ్రులు ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అయితే ఇష్టమున్నచోటే మనిషి మోసపోతాడు. మా విషయంలో అదే జరిగింది. ఇన్నేళ్ళుగా ఈ శీర్షికలో ఎన్నో విషయాలు రాశాము గానీ, దీనిని రాయడానికి సిగ్గు అడ్డు వచ్చింది.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం ఒకరోజు అస్ర్ నమాజు తరువాత మదర్సాకు పాలు తేవలసి వచ్చింది. పద్నాలుగేళ్ళ విద్యార్థి ఒకడు ముందుకు వచ్చి, "ఉస్తాద్, స్కూటరు ఇవ్వండి, ఐదు నిమిషాల్లో వస్తాను" అన్నాడు. ఆ పిల్లవాడిలో మా బాల్యం కనిపించింది. నవ్వుతూ తాళంచెవి ఇచ్చాము. మలుపులో కంకర మీద చక్రం జారింది. చెయ్యి విరిగింది, నుదురు పగిలింది. అల్లాహ్ దయవలన ప్రాణం దక్కింది.

ఆసుపత్రికి వచ్చిన అతని తల్లి మమ్మల్ని ఒక్క పరుషమైన మాట అనలేదు. "మౌల్వీ సాబ్, మీరు తాళం ఇచ్చారు కదా, ఇక అందులో తప్పేముంటుందని అనుకున్నాడు మా పిల్లవాడు" అని మాత్రం అన్నారు. మేము తల ఎత్తలేకపోయాము. మేము అతని చేతికి బండితో పాటు అనుమతిని కూడా ఇచ్చాము. ఉస్తాదు ఇచ్చిన అనుమతిని పిల్లలు ధర్మంగానే తీసుకుంటారు, తండ్రి ఇచ్చినా అంతే. ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన పోషణలో ఉన్నవారిని గురించి ప్రశ్నించబడతారని మేము పాఠం చెబుతూ వచ్చిన హదీసు ఆ రోజే మాకు అర్థమైంది.

నేటి మన రోడ్లు ఆనాటివి కావు. 2016లో జైపూర్‌లో సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వచ్చింది. బొగ్గు లారీలు, బూడిద టిప్పర్లు రాత్రింబవళ్ళు తిరుగుతున్నాయి. 2022లో మన దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. ప్రతి వందమందిలో 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోయినవారే. హెల్మెట్ లేక మరణించినవారే 50,029 మంది అని ప్రభుత్వ నివేదిక చెబుతోంది.

మన కార్మిక సోదరులను ఒక్కటి అడుగుతున్నాము. బాయిలోకి దిగేటప్పుడు తలకు టోపీ, దానికి దీపం లేకుండా ఎవరూ దిగరు. పైకప్పు నుండి చిన్న పెళ్ళ రాలినా తల పగులుతుందని అందరికీ తెలుసు. అదే మనిషి షిఫ్టు దిగి, టోపీ తీసివేసి, ఉత్త తలతో టిప్పర్ల నడుమ బండి నడుపుతాడు. నేల అడుగున కాపాడుకున్న తలను నేల మీద ఎందుకు వదిలివేస్తున్నాము? అబ్బాజాన్ కూడా ఉత్త తలతోనే వచ్చేవారు. అప్పుడు సైకిలు, ఇప్పుడు గంటకు ఎనభై కిలోమీటర్లు!

"అంతా అల్లాహ్ చేతిలో ఉంది" అని కొందరంటారు. నిజమే. కానీ ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం మోపమని ప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీలో ఉంది. హెల్మెట్ పట్టీ బిగించడం ఈ రోజులలో ఒంటెను కట్టడమే. వాహనమెక్కి చదివే దుఆ కూడా ఇదే నేర్పుతుంది. దీనిని మాకు లోబరచినవాడు అల్లాహ్, మా శక్తితో కాదు, తిరిగి ఆయన వద్దకే వెళ్తామని అందులో ఒప్పుకుంటాము. ఆ మాటలు పలికిన వెంటనే ముగ్గురు ఒకే బండి మీద కేకలు వేస్తూ దూసుకుపోతే ఆ దుఆకు అర్థమేమి?

ఇంటివారికి కొన్ని మనవులు. రమజానులో ఇఫ్తారుకు ముందు అరగంట చాలా ప్రమాదకరమైనది. వేళ మించితే దారిలోనే ఆగి ఖర్జూరంతో, నీటితో ఉపవాసం విరమించండి. అరఫాత్ నుండి తిరిగి వచ్చేటప్పుడు జనం తొందరపడుతుంటే, పరుగులలో పుణ్యం లేదని ప్రవక్త (స) వారించారు. వెనుక కూర్చునే అక్కచెల్లెళ్ళు బురఖా అంచును, దుపట్టాను ఒడిలోకి లాక్కుని కూర్చోవాలి. అవి చక్రంలో చిక్కితే క్షణంలో మెడ బిగుస్తుంది. వెనుక చక్రానికి జాలీ ఉందో లేదో చూసుకోండి. హెల్మెట్ వెనుక కూర్చున్నవారికి కూడా కావాలి. నమాజు టోపీ జేబులో పెట్టుకుంటే మర్యాద తగ్గదు.

పదహారేళ్ళు నిండినవారికి చట్టం అనుమతించేది 50 సీసీలోపు బండి మాత్రమే, దానికీ లైసెన్సు ఉండాలి. మోటారు సైకిలుకు పద్దెనిమిది నిండాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు విధించవచ్చు. కానీ బిడ్డ తల పగిలాక ఆ జరిమానా ఒక లెక్కా?

ఆ శుక్రవారం మేము ఆ తండ్రిని పక్కకు తీసుకువెళ్ళి మా స్కూటరు కథ అంతా చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. తరువాత కొడుకు ముందు చేయి చాచారు. పిల్లవాడు ముఖం ముడుచుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తాళంచెవి ఇచ్చాడు. "రెండేళ్ళు నాన్న వెనుక కూర్చుని రోడ్డును చదువుకో బేటా. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చిన రోజున నీ వెనుక సీటులో మొదట మేమే కూర్చుంటాము" అని మాటిచ్చాము. ఆ తరువాతే దుఆ చేశాము.

బండి దారి పట్టింది. తండ్రి ముందు, కొడుకు వెనుక. ఇద్దరి తలలూ ఉత్తవే. మేము కేక వేసి ఆపాము. బజారులో హెల్మెట్ల దుకాణం మస్జిదుకు అంత దూరమేమీ కాదు. బండిని అక్కడే వదిలి ఇద్దరూ నడిచి వెళ్ళారు.

అల్లాహ్ మన బిడ్డలందరినీ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.