బండ ఇంటికి, ట్యాంకు బండికి

మధిర ఆటో డ్రైవర్లకు, ఆటో ఎక్కే జనానికి, గ్యాస్ బుక్ చేసే ప్రతి ఇంటికీ విన్నపం

మిర్చి కోతలు మొదలైతే తెల్లారకముందే ఎర్రుపాలెం రోడ్డు, బోనకల్లు రోడ్డు ఆటోలతో నిండిపోతాయి. ఒళ్ళో అన్నం క్యారేజీలు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్న కూలీలు. శనివారమైతే జమలాపురం వెంకన్న దగ్గరికి పిల్లాపాపలతో బయల్దేరిన కుటుంబాలు. కిరాయి ఎంతని బేరమాడతాం గానీ, సీటు కింద ఉన్న గ్యాసును ఎక్కడ నింపారని ఒక్కరమూ అడగం. ఇకనుంచి అడుగుదాం.

వంటింటి గ్యాస్ బండలోంచి ఆటోలోకి గ్యాసు ఎక్కించడం కొత్త సంగతి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పౌరసరఫరాల అధికారులు, పోలీసులు దాడి చేసిన ప్రతిసారీ అవే దొరుకుతాయి: ఓ రేకుల షెడ్డు, తలకిందులుగా నిలబెట్టిన ఎర్ర బండలు, చిన్న మోటారు, రబ్బరు గొట్టం. మధిరలో ఇలాంటివి ఉండవనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అక్కడ జరిగే పని ఎంత ప్రమాదమో చేసేవాళ్ళకు తెలియదని కాదు, అలవాటైపోయింది. ద్రవంగా ఉన్న గ్యాసు లీటరు బయటికొస్తే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. అది గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది, మోరీల్లోకి దిగుతుంది. గాలిలో 2 శాతం కలిసినా చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ నిప్పురవ్వ కోసం బీడీ వెలిగించనక్కర్లేదు, పక్కనే తిరుగుతున్న మోటారే ఇస్తుంది. 2024 డిసెంబరు 20న జైపూరు దగ్గర భాంక్రోటాలో ఎల్పీజీ ట్యాంకరును లారీ గుద్దితే, కారిన గ్యాసు రోడ్డు పొడవునా పరుచుకుని అంటుకుంది. ఎక్కడెక్కడో ఆగి ఉన్న బండ్లు కూడా కాలిపోయాయి. ట్యాంకరుకూ బండకూ పోలికేమిటని అనొచ్చు. పరిమాణంలో లేదు. నేలబారున పాకే గుణం మాత్రం రెండు చోట్లా ఒకటే, పైగా మన షెడ్లు ఇళ్ళ మధ్యనే ఉన్నాయి.

ఇంతకన్నా తెగించినవాళ్ళు పాత కార్లలో, వ్యాన్లలో బండనే డిక్కీలో పడుకోబెట్టి ఇంజనుకు గొట్టం తగిలిస్తారు. వంటింటి బండ నిలబెట్టి వాడేందుకు చేసిన వస్తువు. నిలబడి ఉంటే పైనుంచి ఆవిరి వస్తుంది, పడుకోబెడితే ద్రవమే తన్నుకొస్తుంది. గుంతల రోడ్డు మీద గొట్టం తెగితే దాన్ని ఆపే ఏర్పాటు ఆ బండకు లేదు.

బండికోసమే తయారైన ట్యాంకు సంగతి వేరు. దాన్ని చాసిస్‌కు బోల్టులతో బిగిస్తారు. దాని మీదుండే వాల్వు ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది: ట్యాంకు 80 శాతం నిండగానే పంపు నుంచి వచ్చే గ్యాసును ఆపేస్తుంది, పైపు తెగి గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నితే దారి మూసేస్తుంది, లోపల ఒత్తిడి మితిమీరితే కొంచెం కొంచెంగా బయటికి వదులుతుంది, ఇంకా ఎంత గ్యాసు మిగిలిందో చూపిస్తుంది. ఆ 80 శాతం లెక్క మన ఖమ్మం జిల్లాకు మరీ ముఖ్యం. వేడికి ద్రవం ఉబ్బుతుంది. పై 20 శాతం ఖాళీ దాని ఉబ్బుకు చోటు. మే నెల మధ్యాహ్నం స్టాండులో నీడ లేకుండా నిలబడే ఆటోకు ఆ ఖాళీయే ప్రాణం. షెడ్డులో బండను తిరగేసి నింపేవాడు ఆ వాల్వును ఉన్నదున్నట్టు ఉంచాడో, త్వరగా నిండాలని పీకేశాడో ఎవరు చూశారు? పైగా ఈ ట్యాంకును అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించాలి. షెడ్డువాడికి ఆ పట్టింపు ఉండదు.

బండికి ట్యాంకు బిగించుకోమనడం మనకే కొత్తగా చెబుతున్న మాట కాదు. ఐరోపాలో వంట, పడక అన్నీ బండిలోనే పెట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళలో కొంతమంది సిలిండర్లు మార్చుకునే బాధ వదిలించుకుని, బండి కిందే ట్యాంకు బిగించుకుని పంపు దగ్గర నింపుకుంటారు. టర్కీలో, పోలండులో లక్షల కార్లు గ్యాసు ట్యాంకు మీదే నడుస్తున్నాయి. మన చట్టమూ ఎప్పుడో ఒప్పుకుంది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఎల్పీజీని బండి ఇంధనంగా అనుమతించారు, 2001లో దానికి ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. అంటే గ్యాసుతో ఆటో నడపడం నేరం కాదు. వంటింటి గ్యాసుతో నడపడం నేరం. నిత్యావసర సరుకుల చట్టం 1955 కింద కేసు రుజువైతే మూడు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఆర్సీలో నమోదు చేయించని గ్యాసు కిట్టుతో బండి తగలబడితే బీమా కంపెనీ ముందు మీ వాదన నిలబడదు.

ఇంతవరకూ చదివి డ్రైవరు అన్నలకు కోపం రావచ్చు. "మాకు సరదానా? బంకు గ్యాసుకు రేటెక్కువ, బంకు దూరం, కిరాయిలు లేవు." నిజమే. 2023 డిసెంబరు 9న ఆర్టీసీలో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. అది మంచి పథకమేనని నా నమ్మకం. కానీ దానివల్ల వచ్చిన నష్టం నేరుగా పడింది ఆటోవాళ్ళ మీద. వచ్చే రాబడి తగ్గినవాడు చవక ఇంధనం వెతుక్కుంటే నీతులు చెప్పి లాభం లేదు. చవక ఎక్కడ పుట్టిందో చూడాలి. ఇంటి గ్యాసు మీద జీఎస్టీ 5 శాతం, ఆటో గ్యాసు మీద 18 శాతం. దానికి తోడు 2024 ఫిబ్రవరి 27 నుంచి అర్హులైన కుటుంబాలకు బండ 500 రూపాయలకే పడుతోంది. పేదింటి పొయ్యి కోసం ప్రభుత్వం భరిస్తున్న డబ్బు అది. ఏ బ్రోకరో ఇంటింటికీ తిరిగి, "మీకు రెండు నెలలకో బండ చాలుగదమ్మా, మిగిలింది నాకివ్వండి" అంటే నూరో రెండొందలో ఎక్కువిస్తున్నాడని ఇచ్చేస్తున్నాం. ఇచ్చిన ఇల్లూ నేరంలో భాగం పంచుకున్నట్టే. ఆ బండ ఎక్కడికి పోతుందో తెలియదని అనుకోవద్దు అక్కయ్యలూ. రేపు పొద్దున మీరు మిర్చి చేనుకు ఎక్కి వెళ్ళే ఆటోలోకే అది పోతుంది.

కరెంటు ఆటోల మాట కూడా వినిపిస్తోంది. కొత్తది కొనేవాళ్ళు తప్పకుండా చూడాలి. ఉన్న ఆటోకే ఫైనాన్సు కిస్తీలు కట్టలేనివాడికి అది రేపటి మాట, ట్యాంకు ఈరోజు మాట.

అందుకని అడగాల్సినవాళ్ళను అడుగుదాం. జీఎస్టీ ఎంతుండాలో తేల్చేది జీఎస్టీ కౌన్సిల్. అందులో ప్రతి రాష్ట్రం తరఫున మంత్రి ఒకరు కూర్చుంటారు. మన మధిర ఎమ్మెల్యే మల్లు భట్టి విక్రమార్క గారే రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి కూడా. ఆటో గ్యాసును ఇంటి గ్యాసు వరసలోకి, అంటే 5 శాతానికి తెమ్మని ఆ సభలో గట్టిగా అడగమని మధిర ఓటర్లు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? మధిరలో ఇప్పటికే నడుస్తున్న పెట్రోలు బంకుల్లో ఒకదాని దగ్గర ఆటో ఎల్పీజీ పంపు పెట్టాలని, ఉన్న చోట దాన్ని సరఫరా ఆగకుండా నడపాలని చమురు కంపెనీలను అడుగుదాం. కిట్టుకు, ట్యాంకుకు అయ్యే ఖర్చుకు ఎస్సీ, బీసీ కార్పొరేషన్ల రుణాల్లో చోటివ్వాలని, ఆర్సీలో ఎక్కించే పని కోసం రవాణా శాఖ మధిరలోనే ఒకరోజు శిబిరం పెట్టాలని కలెక్టరు గారికి చెబుదాం. ఈ మార్పుకు గడువిచ్చాకే దాడులు చేయాలి. గడువు దాటిన తర్వాత షెడ్డు ఎవరిదైనా, ఎవరి అండ ఉన్నా వదలొద్దు.

ఆటో స్టాండు పెద్దలు ఒక పని మాత్రం ప్రభుత్వం కోసం చూడకుండా చేయొచ్చు: షెడ్డులో గ్యాసు ఎక్కించిన ఆటోను వరసలో నిలబెట్టనివ్వబోమని తీర్మానం. మేస్త్రీలు కూలీల కోసం ఆటో మాట్లాడేటప్పుడు బంకు రసీదు చూపమనొచ్చు. గ్యాసు ఏజెన్సీలు డెలివరీ కోడ్ చెప్పినవాళ్ళకే బండ దించాలి. దుకాణం ముందు నాలుగిళ్ళ బండలు ఒకేసారి దించితే చూసినవాళ్ళు పౌరసరఫరాల అధికారికి చెప్పాలి.

ఖమ్మం కలెక్టరేటులో సోమవారం ప్రజావాణి ఉంటుంది. పై కోరికలన్నీ ఒకే అర్జీగా రాసి, డ్రైవర్లు, కూలీలు, గృహిణులు కలిసి సంతకాలు చేసి తీసుకెళ్దాం. డ్రైవర్లు సంతకం పక్కన బండి నంబరు రాయొద్దు, భయపడాల్సిన పని లేదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారో, గ్యాసుకు ఎంత పెడుతున్నారో రాస్తే చాలు. పంపు పెడితే గిరాకీ ఉంటుందా అని కంపెనీవాళ్ళు అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే ఉంటుంది.