ఆడవాళ్ళ ఆరోగ్యం: కోపం, మాత్ర, ఎండ

ఈసారి మన ఇళ్ళలో పైకి మాట్లాడుకోని సంగతి రాస్తున్నాను. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు ఆడది కోపంతో గిన్నె విసిరితే గాలి సోకిందంటారు, లేదా పొగరంటారు. తాగొచ్చి కొట్టే మగడిమీద వచ్చే కోపం జబ్బు కాదు, దానికి మాత్ర లేదు. కానీ వారం పది రోజులు నిద్రే అక్కరలేకుండా, ఆగని మాటలతో, అప్పుచేసి చీరలు కొంటూ, అడ్డం వస్తే మీద పడుతూ ఉండి, తర్వాత వారాల తరబడి మంచం దిగకపోతే డాక్టరుకు చూపించాలి. అది బైపోలార్ జబ్బు కావచ్చు.

దానికి పాత మందు లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ దీని గుణం లోకానికి చెప్పాడు. ఇది ఒకరకం ఉప్పు. అందుకే మన నల్లరేగడి సీమ ఎండలో జాగ్రత్త కావాలి. అగ్గిపెట్టెల పనిలో రోజంతా చెమటోడ్చినా, వాంతులు, విరేచనాలైనా ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి, మందు రక్తంలో పేరుకుంటుంది. బి.పి. అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా దాన్ని పెంచుతాయి. చేతులు బాగా వణికినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా తర్వాతి మాత్ర వేసుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తపరీక్షకు ముందురోజు మాత్ర వేసుకుని 12 గంటలు కావాలి. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్ష ఆరు నెలలకోసారి.

నాకు తెలిసిన ఒక పిల్ల పెళ్ళయ్యాక అత్తగారు చూస్తుందని మాత్రలు బియ్యం డబ్బాలో దాచింది. ఆమె తల్లి నాతో, "బాగయింది కదా వదినా, నిలిపేస్తిమి" అంది. రెండో నెలలో నిద్ర పోయింది, మూడో నెలలో పుట్టింటికి పంపేశారు. బాగున్నది మాత్ర వల్లేనని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. రసంలో కలిపి దొంగతనంగా పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. మోతాదూ తప్పుతుంది, నమ్మకమూ పోతుంది.

వాల్‌ప్రోయేట్ అనే మాత్ర వేరే సంగతి. కడుపుతో ఉండగా వాడితే పదిమంది బిడ్డల్లో సుమారు ఒకరికి పుట్టుకతో లోపాలు రావచ్చు. కాబట్టి పెళ్ళి మాట రాగానే డాక్టరుకు చెప్పి వేరే మందుకు మారాలి, సొంతంగా ఆపకూడదు. కాన్పయిన మొదటి వారాల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రాత్రి బిడ్డను అమ్మమ్మ ఎత్తుకుని, తల్లిని నిద్రపోనివ్వాలి.

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నెంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తమిళంలో చెప్పుకోలేని మాట తెలుగులోనూ చెప్పుకోవచ్చు.