ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవాలా?

లైనక్స్ ఉన్న లాప్‌టాప్ ఒకరోజు పొద్దున్నే లేవనని మొరాయిస్తే, మన సాఫ్ట్‌వేర్ మిత్రుల్లో చాలామంది ఇచ్చే సలహా ఒక్కటే: “ఫార్మాట్ కొట్టేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసెయ్, అరగంట పని.” ఆఫీసులో సర్వర్ పడిపోతే మాత్రం ఇదే మనిషి ఇలా అనడు. అర్ధరాత్రి ఫోనొచ్చినా లేచి కూర్చుంటాడు, లాగ్‌లు తిరగేస్తాడు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని నలుగుర్నీ అడుగుతాడు. అసలు కారణమేమిటో రాసిచ్చేదాకా మేనేజరు కూడా వదలడు. ఇంట్లో లాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి ఆ పద్ధతంతా గుమ్మం బయట చెప్పులతో పాటే వదిలేసి వస్తాం.

కారణం తెలుసుకోకుండా చేసే రీ-ఇన్‌స్టాల్ మరమ్మతు కాదని నా వాదన. జబ్బు తెలియదు కనక అది మళ్ళీ వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, డిస్క్ మీద క్షేమంగా ఉన్న సరుకుని మన చేతుల్తో మనమే చెరిపేసుకోవడం.

“బూట్ అవడం లేదు” అన్నది “ఒంట్లో బాగాలేదు” లాంటి మాట. అందులో సమాచారమేమీ లేదు. బూట్ అంటే ఐదు చేతులు మారే పని. ముందు లాప్‌టాప్ లోపలి ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది గ్రబ్ లాంటి బూట్‌లోడర్‌ని పిలుస్తుంది. గ్రబ్ వెళ్ళి కెర్నెల్‌నీ, దానితో పాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌నీ మెమరీలోకి తెస్తుంది. ఆ ఇద్దరూ కలిసి అసలు డిస్క్‌ని వెతికి పట్టుకుని సిస్టమ్‌డీకి అప్పజెబుతారు. అది ఒక్కొక్క సర్వీసునీ లేపి, చివరికి గ్రాఫిక్స్‌ని పిలిచి లాగిన్ తెర చూపిస్తుంది. పని ఏ చేతిలో ఆగితే ఆ గుర్తు స్క్రీన్ మీద కనబడుతుంది.

బూట్ చెయ్యదగ్గ డిస్కే లేదని ఫర్మ్‌వేర్ అంటే, లైనక్స్ పాడైందని అనుకోనక్కర్లేదు. బయాస్ అప్‌డేట్ తర్వాత బూట్ పట్టికలో లైనక్స్ పేరు చెరిగిపోయి ఉండొచ్చు. లేదా డిస్క్ కంట్రోలర్ సెట్టింగు మొదటికొచ్చి, లైనక్స్‌కి డిస్క్ కనబడకుండా పోయి ఉండొచ్చు. గ్రబ్ రెస్క్యూ అని నల్లటి తెర మీద కర్సర్ మిణుకుమంటుంటే, గ్రబ్‌కి తన ఫైళ్ళున్న పార్టిషన్ దొరకలేదని అర్థం. విండోస్ వైపు నించి పార్టిషన్లు కదిపిన మర్నాడు ఇది మామూలే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగిందంటే, కెర్నెల్ లేచింది గానీ రూట్ పార్టిషన్ దొరకలేదు, లేదా దాని ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. బూట్ పార్టిషన్ విడిగా, చిన్నదిగా ఉంటే పాత కెర్నెళ్ళతో నిండిపోయి, కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగమే రాయబడి ఉండటమూ కద్దు.

తొంభై సెకన్లు ఆగి ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళిందంటే మాత్రం ముందు ఎఫ్‌స్టాబ్ చూడండి. ఎప్పుడో పెట్టి తీసేసిన ఎక్స్‌టర్నల్ డిస్క్ తాలూకు లైను ఒకటి అక్కడ మిగిలి ఉంటుంది. దాని కోసం సిస్టమ్‌డీ అతిథి కోసం వడ్డించకుండా కూర్చున్న ఇల్లాలిలా ఎదురుచూస్తుంది. ఆ లైను తీసేసినా, అందులో నోఫెయిల్ అని చేర్చినా కథ కంచికి వెళ్తుంది. ఈ ఒక్క లైను కోసం డిస్కంతా ఫార్మాట్ చేసుకున్నవాళ్ళని ఏమనాలి?

ఇక అన్నీ అయ్యాక నల్ల తెర. ఇది చాలావరకు గ్రాఫిక్స్ గొడవ. కెర్నెల్ మారింది, ఎన్‌విడియా డ్రైవర్ దానికి తగ్గట్టు తయారవలేదు, లేదా తయారైనా సంతకం లేదని సెక్యూర్ బూట్ దాన్ని లోపలికి రానివ్వలేదు. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ని ఎంచుకుని చూడండి. దానితో లేస్తే నేరస్తుడెవరో సగం తెలిసినట్టే. నోమోడ్‌సెట్ పెడితే తాత్కాలికంగా తెర వస్తుంది. కానీ అది జ్వరానికి వేసుకునే మాత్ర లాంటిది. దాన్ని శాశ్వతంగా ఉంచేసి, “లైనక్స్‌లో గ్రాఫిక్స్ నెమ్మది” అని తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇక్కడ డిస్ట్రిబ్యూషన్లు చేసేవాళ్ళ మీద నాకో ఫిర్యాదుంది. కొత్తవాళ్ళు అక్షరాలు చూసి జడుసుకుంటారని, చాలా డిస్ట్రిబ్యూషన్లు క్వయట్, స్ప్లాష్ అన్న రెండు మాటలతో బూట్ సందేశాలన్నీ కప్పెట్టేస్తాయి. బండి సవ్యంగా నడుస్తున్నప్పుడు ఫరవాలేదు. ఆగిపోయినప్పుడు కూడా తిరిగే చక్రం బొమ్మే చూపిస్తే ఎలా? గ్రబ్ మెనూలో ఈ అక్షరం నొక్కి ఆ రెండు మాటలూ తీసేసి బూట్ చేస్తే, ఆగిపోయిన చోటు కళ్ళ ముందుంటుంది. ఆఖరి లైను చదవకుండా సలహా అడిగేవాళ్ళదీ, అది అడక్కుండా సలహా ఇచ్చేవాళ్ళదీ తప్పు సమానమే.

రెండో ఉచిత సలహా: “సెక్యూర్ బూట్ ఆపెయ్.” దీని వెనక కొంత చరిత్ర ఉంది. ఎక్కువ లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ నమ్మేది మైక్రోసాఫ్ట్ తాళాలనే కాబట్టి, మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా లైనక్స్ లోపలికి వస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్, లోపాలున్న పాత బూట్‌లోడర్లని నిషేధిస్తూ, రెండు సిస్టమ్‌లూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లైనక్స్‌ని గుమ్మం దగ్గరే ఆపేసింది. అవి వదిలెయ్యవలసిన కంప్యూటర్లే గానీ, వాటిని గుర్తుపట్టడంలో అప్‌డేట్ పొరబడింది. ఆ చిక్కు పూర్తిగా విడటానికి 2025 మే దాకా పట్టింది. ఆ రోజుల్లో సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపి, లైనక్స్‌లోకి వెళ్ళి, ఆ నిషేధ పట్టికని సరిచేసి, మళ్ళీ ఆన్ చెయ్యడం సరైన వైద్యమే. ఎందుకు ఆపుతున్నామో తెలిసి చేసిన పని అది.

తెలియకుండా ఆపితే ఏమవుతుంది? చాలా కొత్త లాప్‌టాప్‌లలో విండోస్ భాగం దానంతటదే బిట్‌లాకర్‌తో తాళం వేసుకుని ఉంటుంది. సెక్యూర్ బూట్ సెట్టింగు మారగానే దానికి అనుమానమొచ్చి, 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది ఎక్కడ దాచామో గుర్తులేకపోతే, అప్పటిదాకా పనిచేస్తున్న విండోస్ కూడా చేజారుతుంది. ఒక తలుపు తెరవబోయి రెండోది మూసుకున్నట్టు.

లైనక్స్ వైపు ఎన్‌క్రిప్షన్ ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. లక్స్ – సబ్బు కాదండీ – పార్టిషన్ మొదట్లో ఒక చిన్న హెడర్ ఉంటుంది. అసలు తాళంచెవి మీ పాస్‌వర్డ్ చాటున అందులోనే దాగుంటుంది. రీ-ఇన్‌స్టాల్‌లో ఆ పార్టిషన్ మీద కొత్త ఫైల్ సిస్టమ్ రాస్తే ఆ హెడర్ పోతుంది. హెడర్‌కి నకలు లేకపోతే పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నా ఫలితం లేదు. పిల్లల ఫోటోలైనా, పన్నుల కాగితాలైనా అంతే సంగతులు. ఏ షాపువాడూ తియ్యలేడు.

అందుకని వరస ఇది. మొదట లైవ్ యూఎస్‌బీ పెట్టి లేపండి. డిస్క్ కనబడుతోందా చూడండి. కనబడితే డేటా వేరేచోటికి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే మరమ్మతు. డిస్క్ చదవడంలోనే తప్పులొస్తుంటే ఫైల్ సిస్టమ్ రిపేరు జోలికి పోకండి. అది చావుబతుకుల్లో ఉన్న డిస్క్ చేత పరుగు పందెం చేయించడమే. డేటా భద్రమయ్యాక, కారణం తెలిశాక కూడా, ఇన్‌స్టాలేషన్ బాగా చెడిపోయిందనిపిస్తే రీ-ఇన్‌స్టాల్ చెయ్యండి. అప్పుడది తెలిసి తీసుకున్న నిర్ణయం.

“వారాంతంలో దొరికేదే రెండు రోజులు, ఇదంతా ఎవడు చేస్తాడు?” అనొచ్చు. సబబైన ప్రశ్నే. కానీ మనలో చాలామంది ఊరెళ్ళినప్పుడు, అమ్మానాన్నల పాత లాప్‌టాప్‌లో వైరస్‌ల బెడద ఉండదని లైనక్స్ వేసి వచ్చినవాళ్ళమే. అది ఆగిపోతే వాళ్ళకి దిక్కు మన వీడియో కాలే. ఏడెనిమిది వేల మైళ్ళ దూరం నించి ఫార్మాట్ చేయించలేం. “స్క్రీన్ మీద ఆఖరి లైను ఫోటో తీసి పంపించండి నాన్నా” అని మాత్రం అడగగలం. ఆ ఫోటో చూసి పని ఏ చేతిలో ఆగిందో చెప్పగలగాలంటే, ఆ విద్య ముందు మన లాప్‌టాప్ మీదే నేర్చుకుని ఉండాలి.