మాస్టర్‌కు వంగితే మొక్కినట్టేనా?



ఎండాకాలం సెలవుల్లో పిల్లలను కరాటేకు పంపిన తల్లిదండ్రులు ఈ మధ్య నా దగ్గరికి ఒకే ప్రశ్న తెస్తున్నారు. కోరుట్లలో గృహకూడిక అయిపోయాక ఒక తండ్రి అడిగాడు. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే సహోదరుడు ఫోన్ చేసి అడిగాడు. జగిత్యాలలో ఒక తల్లి అయితే బిడ్డను వెంటబెట్టుకొనే వచ్చింది. "అయ్యగారూ, క్లాసుల అడుగు పెట్టంగనే వంగుతది. మాస్టర్‌కు వంగుతది, గోడకున్న ఫోటోకు వంగుతది. మనం దేవునికి తప్ప ఎవ్వరికీ మొక్కం గదా. మాన్పియ్యమంటరా?"

మాన్పించవద్దు అన్నాను. ఎందుకన్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఫీజు కట్టి పంపేవారి సంగతి మాత్రమే కాదు. ప్రభుత్వ బడుల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ అనే పేరుతో ఆడపిల్లలకు కరాటే నేర్పిస్తున్నారు. మన సంఘపు బిడ్డలు ఆ వరుసల్లో ఉన్నారు.

ముందుగా, పిల్లలు చేస్తున్నది ఏమిటో చూడండి. కరాటేను ఒకినావా దీవి నుండి జపాను ప్రధాన భూభాగానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు ఫునాకోషి గిచిన్ (1868–1957). ఆయన బడిపంతులు. 1922లో టోక్యో వెళ్లి ఈ విద్యను ప్రదర్శించాడు. ఆయన శిష్యులకు పెట్టిన ఇరవై నియమాల్లో మొదటిది, కరాటే మర్యాదతో మొదలై మర్యాదతోనే ముగుస్తుందని. ఆ మర్యాదను వారు 'రే' అంటారు. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, మాస్టర్ ఎదుట ఒకసారి, జతగా నిలబడినవాని ఎదుట ఒకసారి నడుము వంచుతారు. గమనించవలసినది ఏమిటంటే, మాస్టర్ కూడా తిరిగి వంగుతాడు, ఎదుటి పిల్లవాడు కూడా వంగుతాడు. పూజ అందుకునేది తిరిగి వంగదు.

మన ఇబ్బంది సగం మన భాషలోనే ఉంది. మన వైపు 'మొక్కుడు' అంటే దేవునికి మొక్కేదీ అదే మాట, పెద్దల కాళ్లు మొక్కేదీ అదే మాట. బైబిలులో కూడా మనుష్యుల ముందు వంగినవారు చాలామంది ఉన్నారు. శారాను పాతిపెట్టడానికి భూమి అడిగినప్పుడు అబ్రాహాము హేతు కుమారుల ఎదుట వంగాడు (ఆదికాండము 23). మోషే తన మామ యిత్రో ఎదుట వంగి, ముద్దుపెట్టుకొని, క్షేమసమాచారము అడిగాడు (నిర్గమకాండము 18). వాక్యము వారిని తప్పుపట్టలేదు. దూరా మైదానంలో బంగారు ప్రతిమ ముందు వంగనన్న షద్రకు, మేషాకు, అబేద్నెగోలు కూడా అదే వాక్యములో ఉన్నారు. నడుము ఒకటే. ఆ వంగడం దేనికని అడుగుతున్నారన్నదే తేడా.

కొర్నేలీ వచ్చి పేతురు పాదాల మీద పడితే పేతురు అతన్ని లేపి, తానూ మనిషినేనని చెప్పాడు (అపొస్తలుల కార్యములు 10). మన మహాసభల్లో స్టేజీ మీద కాళ్ల మీద పడేవారిని అలా లేపే ప్రసంగీకులు ఎంతమంది? అది చూసి చప్పట్లు కొట్టి వచ్చి, పిల్ల కరాటే మాస్టర్‌కు నడుము వంచిందని దిగులుపడితే లెక్క కుదరదు.

అలాగని వంగడం ఎప్పుడూ చిన్న విషయమే అని నేను అనను. కొరియా దేశాన్ని జపాను ఏలిన రోజుల్లో అక్కడి క్రైస్తవులను షింటో మందిరాల ముందు వంగమని బలవంతపెట్టారు. ఇది మతం కాదు, దేశభక్తి మాత్రమే అని అధికారులు నచ్చజెప్పారు. 1938లో ప్రెస్బిటేరియన్ సంఘపు మహాసభ కూడా ఆ ఒత్తిడికి లొంగి, తప్పులేదని తీర్మానించింది. జూ కీ చోల్ అనే పాస్టర్ ఒప్పుకోలేదు. 1944లో ప్యాంగ్యాంగ్ జైలులో చనిపోయాడు. మర్యాద అనే పేరు పెట్టినంత మాత్రాన ప్రతిదీ మర్యాద అయిపోదని ఆయన మరణం చూపిస్తుంది. కనుక 'ఏం కాదులే' అని ఊరుకోకుండా అడిగిన మన తల్లిదండ్రులను నేను మెచ్చుకుంటాను.

గోడ మీది ఫోటో సంగతికి వద్దాం. జపానులో కొన్ని పాత శిక్షణశాలల్లో షింటో దేవతలకు చిన్న మందిరపు అర ఉంటుంది. మన ఊళ్లలో చాలామట్టుకు బడి మైదానంలో, లేదంటే అద్దె హాలులో క్లాసు పెడతారు. ఫోటో ఉంటే ఆ విద్యను నేర్పిన పెద్దమనిషిది ఉంటుంది. బడిలో అంబేద్కర్ గారి ఫోటో ముందు నిలబడినట్టే అది. అగరుబత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పిల్లలను హారతి తీసుకోమంటే అప్పుడు సంగతి వేరు. దసరాకు ఆయుధపూజలో కర్రలు, నాన్‌చాక్‌లు పెట్టి బొట్టు పెట్టే చోట్లు ఉండవచ్చు. ఆ రోజున మన పిల్లలు పక్కన నిలబడాలి. అయితే అప్పటికప్పుడు అందరి ముందు పిల్లవానితో లేదనిపించడం పద్ధతి కాదు. వారం ముందే తండ్రి వెళ్లి మాస్టర్‌తో మర్యాదగా చెప్పాలి: మా ఇంట్లో ఇది చేయము, మీ మీద గౌరవం తక్కువై కాదు అని. మంచి మాస్టర్లు అర్థం చేసుకుంటారు. జగిత్యాల, కోరుట్లలో ముస్లిం పిల్లలు కూడా అదే వరుసలో నిలబడతారు కదా, ఆ తల్లిదండ్రులకూ ఈ ప్రశ్న కొత్త కాదు. చేసేవారిని చూసి నవ్వడం, వెక్కిరించడం మాత్రం మన బిడ్డలు చేయకూడదు.

వంగడం గురించి ఇంత భయపడే మనం మిగతా నియమాలను పట్టించుకోము. నాకు అసలు నచ్చినవి అవే. గోళ్లు కత్తిరించుకొని రావాలి, ఎదుటివానికి గీరుకోకూడదు కాబట్టి. గడియారం, గొలుసు తీసేయాలి. డ్రెస్ పాతదైనా ఉతికి ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాడు వరుసలో దూరిపోకూడదు, అంచున మోకాళ్ల మీద కూర్చొని మాస్టర్ పిలిచేదాకా ఆగాలి. (మన ఆదివారపు ఆరాధనకు పాటలు అయిపోయాక వచ్చి, ముందు వరుస దాకా నడిచి, అందరినీ పలకరించేవారిని తలచుకోకుండా ఉండలేకపోయాను.) జతగా పోరాడేటప్పుడు గుద్దు తగలకముందే చేయి ఆపగలగాలి. కొట్టగలిగిన చేతిని ఆపడం నేర్పే విద్య ఎవరు నేర్పినా నేను కాదనను. ఫునాకోషి మరో నియమం ప్రకారం కరాటేలో మొదటి దెబ్బ అనేదే లేదు.

ఇది మన మగపిల్లలకు మరీ చెప్పాలి. సినిమాలు చూసి కరాటే అంటే నలుగురిని పడగొట్టడం అనుకుంటారు. బడి వార్షికోత్సవంలో పెంకలు పగలగొట్టి, పొట్ట మీద నుండి బండి పోనిస్తే మనం ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తాము. నాకది నచ్చదు. ఎవరేమనుకున్నా సరే.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఒక చెంప మీద కొడితే రెండవది చూపమన్న ప్రభువు మాట, బస్టాండులో చేయి వేసినవాణ్ని సహించమని బిడ్డకు ఇచ్చిన ఆజ్ఞ కాదు. విడిపించుకోవాలి, అరవాలి, అవసరమైతే కొట్టి పరుగెత్తాలి. అది పగ తీర్చుకోవడం కాదు.

మాస్టర్ మాట వినాలన్న నియమానికి కూడా హద్దు ఉంది. క్రమశిక్షణ పేరుతో బెల్టుతో కొడితే, దెబ్బ సరిచేస్తానని తాకకూడని చోట తాకితే, క్లాసు అయ్యాక ఒక్కదాన్నే ఉండమంటే, 'మాస్టర్ ఎదురు మాట్లాడొద్దన్నారు' అని పిల్ల నోరు మూసుకోకూడదు. అది ఇంట్లో ముందే చెప్పి పంపండి. వారానికి ఒకసారైనా వెళ్లి ఓ మూల కూర్చొని క్లాసు చూడండి. చూడనివ్వను అనే మాస్టర్ దగ్గర మాన్పించండి, అక్కడ నేను అడ్డం చెప్పను. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, పోక్సో చట్టం 2012 నుండి ఉంది. ఇది సండేస్కూలుకూ వర్తిస్తుంది, పాస్టర్లకూ వర్తిస్తుంది.

వంగడం పాపమా అని అడిగినవారందరినీ నేను తిరిగి ఒకటి అడిగాను: ఇంట్లో ఎట్లున్నాడు? కోరుట్ల తండ్రి కాసేపు మాట్లాడలేదు. తల్లి తెల్లవారక ముందే లేచి చాట ముందర పెట్టుకొని బీడీలు చుడుతుంది. వెయ్యికి ఇంత అని వచ్చే కూలిలో నుండే క్లాసు ఫీజు, డ్రెస్, బెల్ట్ టెస్టు డబ్బులు. కొడుకు మాస్టర్‌కు 'ఓస్' అని నడుము వంచి వచ్చి, అన్నం ఆలస్యమైతే తల్లిని 'ఏందే' అంటాడట. మాస్టర్‌ను వారు 'సెన్సెయ్' అంటారు. ముందు పుట్టినవాడు అని ఆ మాటకు అర్థం. ఆ లెక్కన వాని మొదటి సెన్సెయ్ చాట ముందర కూర్చొని ఉంది. మోషే వంగి నమస్కరించింది కూడా పిల్లనిచ్చిన మామకే, ఇంటి పెద్దకే. నేను ఆ పిల్లవానితో మాట్లాడతానన్నాను. మాస్టర్‌తో కూడా చెప్పించమన్నాను, ఈ వయసులో వాడు నా మాటకన్నా ఆయన మాట ఎక్కువ వింటాడు.

చివరిగా ఆదివారం సంగతి. బెల్ట్ టెస్టులు చాలాసార్లు ఆదివారం ఉదయమే పెడుతున్నారు, బడులు ఉండవు గనుక. ముందుగా శనివారం పెట్టమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అడగండి. ఎప్పుడో ఏడాదికి ఒకసారి తప్పనిసరైతే పిల్లలను భయపెట్టకండి. సాయంకాలపు కూడిక 6 గంటలకు ఉంది, అలాగే డ్రెస్ మీద తీసుకొనిరండి.