న్యూయార్కు నగరములో మనవంటివారు

ఊరు మారినచో పేరు మారుట మనకు క్రొత్త కాదు. మన పెద్దలు చెఱకు తోటలలో ఒప్పందపు కూలికై మారిషస్ చేరినపుడు, కోరంగి రేవున ఓడ యెక్కిన పాపమునకు వారికి ‘కోరంగీలు’ అను పేరు పడినది. ఫిజీకిని, గయానాకును పోయినవారు తెలుగువారైనను తమిళులైనను ‘మద్రాసీలు’ అయిరి. ఆ పేర్లు వారినడిగి పెట్టినవి కావు.

అమెరికాలోని న్యూయార్కు నగరమున గయానా, ట్రినిడాడు దేశములనుండి వచ్చిన మనవంటివారికి నేడు ఇదే చిక్కు కలిగినది. 1838లో గయానాకు తొలి కూలీల ఓడలు చేరినవి. 1917లో ఆ పద్ధతి ఆగినది. 1965లో అమెరికా వలస చట్టము మారిన పిదప ఆ కూలీల సంతతివారనేకులు క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్ పేటలో స్థిరపడిరి. జనాభా లెక్కల పత్రమున 1980 నుండి ‘ఏషియన్ ఇండియన్’ అను గడి కలదు. ఇండియాను కన్నులార చూడనివాడు అందు గుర్తు పెట్టవచ్చునా? పెట్టనిచో తాత ముత్తాతల మాట యేమి? ఇండియా నుండి నేరుగా వచ్చినవారు వారిని పరాయివారుగా చూతురు. ఇతరులు ఇండియనులనియే తలతురు.

వారు ఈ వాదముతో కాలము పుచ్చలేదు. గుడులు కట్టుకొనిరి. హోళీని ఫగువా అని పిలుచుచు ఊరేగింపు జరుపుకొనుచున్నారు. 2021లో లిబర్టీ అవెన్యూ కూడలికి ‘లిటిల్ గయానా అవెన్యూ’ అను పేరు కూడ చేరినది. 2023 నాటి చట్టముచే దీపావళి ఆ నగర ప్రభుత్వ పాఠశాలలకు సెలవుదినమైనది. ఆ కోరికలో వారి గొంతుకయు, ఇండియానుండి వచ్చినవారి గొంతుకయు కలిసినవి. విడివిడిగా అడిగియున్నచో ఇంత బలము వచ్చెడిది కాదని మా అభిప్రాయము.

అయినను ఒక లోటు కలదు. మద్రాసీల గుడులలో మారెమ్మకు నేటికిని తప్పెట మ్రోగును. కాని పూర్వుల భాష ఇంటి మాటగా నిలువలేదు. అదే అమెరికాలో 2017 నాటికే ఇంట తెలుగు మాటలాడువారు 4 లక్షలు దాటిరి. వీరికి భాష కలదు. వారికి భాష పోయినను తరతరములు నిలిచిన భక్తి కలదు. ఒకరికున్నది మరియొకరికి కొరత. కావున గుడి వాకిట నిలిచినవానిని నీవే ఓడలో వచ్చితివి, నీ భాష యేది అని అడుగుట తగదు. గడిలో ఇమడనివానికి గుడిలోనైనను చోటుండవలెను.

మన ద్వీపమున తెలుగు ప్రాథమిక పాఠశాలలో బోధింపబడుచున్నది. గయానాలోని మద్రాసీల బిడ్డలకు ఈ భాగ్యము లేకపోయెను. మనకున్న దానిని మనమే జారవిడుచుట న్యాయమా? ఇంట క్రియోలు మాటలాడుట తప్పు కాదు. అయితే అమ్మమ్మ పిలుపునకు మనుమడు తెలుగున బదులు పలుకలేకపోవుట కొరతయే. రేపు మన బిడ్డలు ఏ మహానగరమునకు పోయినను, వారికి పరులు ఏ పేరైనను పెట్టవచ్చును. తమ పేరు తాము చెప్పుకొనగల శక్తిని మాత్రము మనమే ఇచ్చి పంపవలెను. తల్లిదండ్రులారా, పిల్లలను తెలుగు తరగతికి పంపుడు. గుడికి వచ్చిన క్రొత్తవానిని ముందుగా మీరే పలుకరింపుడు.