మౌనము సద్గుణమా?



మన యిండ్లలో ఒక మౌనమున్నది. దానికి సిగ్గు అని, మర్యాద అని, ఓర్పు అని మంచి పేర్లు పెట్టి పెంచుచున్నాము. ఆ మౌనము స్త్రీలను చంపుచున్నదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. కఠినముగా తోచినయెడల క్షమింపుము గాని, చదువుట మానకుము.

జనగామ ప్రత్తి చేలలోనో, మహబూబాబాదు మిరప తోటలలోనో, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల యిండ్లలోనో ఉన్న ఒక తల్లిని తలంచుకొనుము. స్నానము చేయుచుండగా రొమ్ములో చింతగింజంత గడ్డ ఆమె చేతికి తగిలినది. నొప్పి లేదు గనుక భయము లేదనుకొన్నది. ప్రత్తి యేరుట కాగానే చూపించుకొందు ననుకొన్నది. పిమ్మట కూతురి పెండ్లి వచ్చినది, దాని పిమ్మట కోడలి కాన్పు వచ్చినది. భర్తతో చెప్పుటకు సిగ్గు, అత్తతో చెప్పుటకు భయము. ఆ గింజ నిమ్మకాయంతయై, చర్మము పగిలి పుండైన దినమున గాని ఇంటివారికి తెలియలేదు. అప్పుడు అందరును ఏడ్చి, "ముందే యేల చెప్పలేదు?" అని ఆమెనే నిందించిరి. చెప్పుకొనగల యిల్లు ఆమెకు మనము ఇచ్చితిమా?

ఇట్టి తల్లులు కొద్దిమంది కారు. మన దేశ స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరే మొదటిది. 2022లో సుమారు 1,92,000 మందికి అది క్రొత్తగా బయటపడినదనియు, సుమారు 98,000 మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ లెక్కలు చెప్పుచున్నవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎప్పుడైనను రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు దేశమంతటను నూటికి ఒక్కరైనను లేరు. నూరుగురిలో తొంబదితొమ్మిదిమందిని నోరు మూసికొని యుండుమని ఎవరు నేర్పిరి? మనమే గదా!

ఇక మనము చెప్పు సాకులను ఒక్కొక్కటిగా చూతము.

"నొప్పి లేదు" అందురు. ఈ రోగపు మోసమే అది. ఆరంభములో గడ్డకు తరచుగా నొప్పి యుండదు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, చర్మము నారింజ తొక్కవలె గుంటలు పడుట, చనుమొన లోపలికి పోవుట, దానినుండి నెత్తురు కారుట, ఒక రొమ్ము ఆకారము మారుట, వీటిలో ఏది కనబడినను వైద్యునికి చూపవలెను. గడ్డలలో ఎక్కువభాగము క్యాన్సరు కావు. ఆ సంగతి తేల్చవలసినది వైద్యుడు గాని పొరుగింటి అమ్మ కాదు.

"సూది గుచ్చిన పాకును" అందురు. ఇది నిజము కాదు. సూదితో తీసిన చిన్న ముక్కను పరీక్షించుటవలననే రోగమేదో తెలియును. పాకునది పరీక్షవలన కాదు, ఆలస్యమువలన.

"ప్రార్థన చాలును, దేవుని చిత్తము జరుగును" అందురు. రాజైన హిజ్కియా మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థించెను, ఆ ప్రార్థన ఆలకింపబడెను. అయినను ప్రవక్త అతని కురుపుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించెను గదా! ప్రార్థన వైద్యునికి శత్రువు అని ఎవరు బోధించినను నమ్మకుము. రోగము పాపమునకు శిక్ష అని గుసగుసలాడువారిని అంతకంటెను నమ్మకుము. ఈ రోగము వచ్చినవారిలో సుమారు సగముమందికి, స్త్రీలగుటయు వయస్సు పెరుగుటయు తప్ప వేరే ప్రత్యేక కారణమేదియు కనబడదు.

అయినను మన చేతిలో నున్న పని కొంత కలదు. బిడ్డకు పాలిచ్చుట తల్లికిని మేలే. 30 దేశముల పరిశోధనలను కలిపి 2002లో ప్రకటించిన లెక్కలో, పాలిచ్చిన ప్రతి పండ్రెండు నెలలకును ఈ అపాయము నూటికి నాలుగు వంతులకు పైగా తగ్గినట్లు కనబడినది. ముట్లుడిగిన పిమ్మట దేహము బరువెక్కనీయకుము. దినమునకు అరగంట చురుకుగా నడువుము. కల్లు గాని సారా గాని పండుగకైనను పనిలేదు. మద్యము కొంచెమైనను అపాయమును పెంచును. ఈ అలవాట్లు అపాయమును తగ్గించును గాని తుడిచివేయవు. కాబట్టి మంచి అలవాట్లుగల తల్లియు పరీక్ష మానరాదు.

పరీక్ష అనగా గొప్ప యంత్రములే కావలెనని తలంచకుము. బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ఆరంభించి, సుమారు లక్షన్నరమంది స్త్రీలను ఇరువది ఏండ్లు గమనించిరి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితోనే పరీక్షించిరి. ఏబది ఏండ్లు దాటినవారిలో ఈ రోగపు మరణములు నూటికి సుమారు ముప్పదివంతులు తగ్గెనని 2021లో ప్రకటించిరి. ఒక స్త్రీ చేయి, ఒక గది, ఒక తెర చాలును. ఆ తెరవెనుకకు పంపుటకు ఇంటివారి మనస్సు కావలెను.

దూరమను సాకు పూర్వముండెను. భూపాలపల్లికి రైలు లేదు, పరకాల మీదుగా వరంగల్లుకు పోవలసినదే. అయితే మహబూబాబాదులో 2022లోను, జనగామలోను భూపాలపల్లిలోను 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్లకొకసారి రొమ్ము పరీక్ష జరుగవలెనని 2016లోనే కేంద్ర ప్రభుత్వము నియమము చేసినది. రోగము తేలినచో వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రియు, హైదరాబాదులో 1955లో వెలసిన మెహిదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రియు కలవు. ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స చేరియున్నది. ఆసుపత్రులలో వరుసలు పొడవే, వైద్యుల కొరత నిజమే. వాటినిగూర్చి అధికారులను అడుగుట మన హక్కు. అయినను గడ్డను దాచుకొన్న స్త్రీకి ఏ ఆసుపత్రియు సహాయము చేయజాలదు.

సహోదరుడా, నీతోను ఒక మాట. ఎద్దు కుంటినచో ఆ పూటనే పశువైద్యునికొరకు పరుగెత్తుదువు. నీ భార్య "ఇక్కడ ఏదో తగులుచున్నది" అనినప్పుడు "పంట కానిమ్ము" అందువా? సంఘ పెద్దలారా, స్త్రీల కూడికలో ఓర్పునుగూర్చి ఎన్నో మాటలు చెప్పితిరి. ఈ గడ్డనుగూర్చి ఒక్క మాట ఎన్నడైన చెప్పితిరా? రొమ్ము అను మాట పలుకుటకు మనకు సిగ్గు. ఆ రొమ్ము పాలు త్రాగి పెరుగుటకు మనలో ఎవరికిని సిగ్గు లేకపోయెను!

తల్లీ, ఓర్పు మంచిదే. పేదరికమును ఓర్చుకొంటివి, మాటలు ఓర్చుకొంటివి. గడ్డను మాత్రము ఓర్చుకొనకుము. ఈ రాత్రి ఇంటిలో ఒక్కరితోనైనను చెప్పుము. నీకు ఏమియు లేనియెడల, నీ తల్లిని, నీ అక్కను, నీ కోడలిని అడుగుము. వారు తల వంచుకొని మిన్నకున్నచో మరల అడుగుము.