శాసనం నుంచి వార్త దాకా

జీవితమంతా భాషాపరిశోధనలో గడిపిన పండితుడు ఉద్యోగ విరమణానంతరం పత్రికా విలేకరులకు పాఠాలు చెప్పడానికి పూనుకుంటే, అది ఒక మెట్టు దిగడమని తలచేవారు మనలో కద్దు. కీర్తిశేషులు బూదరాజు రాధాకృష్ణగారి జీవితాన్ని పరిశీలిస్తే ఆ తలంపు ఎంత పొరపాటో బోధపడుతుంది.

1932లో వేటపాలెంలో జన్మించిన రాధాకృష్ణగారు కళాశాలలో తెలుగు బోధించారు. తెలుగు అకాడమీలో పనిచేశారు. అటుపిమ్మట ‘ఈనాడు’ జర్నలిజం పాఠశాలకు ప్రిన్సిపాలై ఎందరో యువ పాత్రికేయులను తీర్చిదిద్దారు. 2010లో కన్నుమూశారు. వారు మొదట కృషిచేసిన రంగం ప్రాచీన శాసన భాష. శాసనాల నుంచి వార్తలకు రావడం వింతగా తోచవచ్చు. కాని శాసనమంటే ఏమిటి? కడప సీమలో దొరికిన ఆరో శతాబ్ది నాటి ఎర్రగుడిపాడు శాసనాన్నే చూడండి. దానం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు అన్న సంగతి నలుగురికీ తెలియడానికి రాతిమీద చెక్కించిన ప్రకటన అది. రాతిమీద చోటు తక్కువ. ఉలికి శ్రమ ఎక్కువ. అక్కరలేని మాటకు అక్కడ తావెక్కడిది? వార్తకు కావలసిన గుణమూ అదే కదా!

చిన్నయసూరి జీవితాన్ని రచించిన చేతితోనే వ్యావహారిక భాషా వికాస చరిత్రను కూడ రచించడం వారి సమదృష్టికి తార్కాణం. వ్యావహారికమంటే నోటికి వచ్చినట్లు రాయడం కాదు. గ్రాంథికానికి సూత్రాలున్నట్లే వాడుక భాషకూ ఒక పద్ధతి ఉంది; దానిని జనవ్యవహారంలో వెదకి పట్టుకోవాలి. ‘మంత్రిగారిచే వంతెన ప్రారంభించబడింది’ అని రాసేవాడు ఇంగ్లీషులో ఆలోచించి తెలుగు లిపిలో రాస్తున్నాడన్నమాట. ‘మంత్రిగారు వంతెన ప్రారంభించారు’ అంటే ఏం లోపించింది? ఇటువంటి చిన్న విషయాలలోనే భాష నిలవడమో చెడడమో జరుగుతుంది.

పత్రికలు ఏర్పరచిన ప్రమాణ భాష ప్రాంతీయ మాండలికాలను, విశేషించి తెలంగాణ, రాయలసీమ పలుకుబడులను, వెనక్కు నెట్టిందనే ఆక్షేపణ ఉంది. అందులో సత్యం లేకపోలేదు. కాని దానికి విరుగుడు ప్రమాణాన్ని పారవేయడం కాదు. ఆ పలుకుబడులకు కూడ అందులో చోటు కల్పించి దానిని విశాలం చేయడం. పద్ధతి తెలిసినవాడే ఆ పని చేయగలడు.

ఇక మా అధ్యాపకుల సంగతి. కొన్నేళ్లక్రితం నా తరగతిలో ప్రబంధ వర్ణనలను చక్కగా వివరించే విద్యార్థి ఒకడుండేవాడు. తమ ఊరి చెరువుకు గండి పడిందని అధికారులకు అర్జీ రాయవలసి వచ్చినప్పుడు పది పంక్తులు రాయలేక నా వద్దకు వచ్చాడు. రాసిన రెండు పంక్తులలోనూ గండి ఎక్కడ పడిందో, ఎన్నాళ్లయిందో, ఎవరి పొలాలు మునిగాయో లేదు. ఆనాడు తప్పిన పరీక్ష నాదే గాని అతనిది కాదు. అలంకారాలు నేర్పాను, సంగతి చెప్పడం నేర్పలేదు.

పత్రికా పాఠశాలలో చేరేవారు కొద్దిమంది. అర్జీ, ఉత్తరం, నివేదిక రాయవలసిన వారు అందరూ. కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. వారానికి ఒక గంట పద్యాన్ని పక్కనపెట్టి, ఊళ్లో జరిగిన ఒక సంగతిని పది వాక్యాలలో పిల్లలచేత రాయించండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని ప్రశ్నించండి. అక్కరలేని మాటను కొట్టివేయించండి. రాధాకృష్ణగారు ఉద్యోగ విరమణ తరువాత చేపట్టిన పనిని మనం ఉద్యోగంలో ఉండగానే చేయవచ్చు.